అప్‌డేట్: ట్యాంక్‌బండ్ మీద నీటి ముందు ముఖం నల్లగా పడుతున్న సమస్య తీరింది

ట్యాంక్‌బండ్ మీద సాయంత్రం మా చెల్లెలికి తీసిన ఫోటోలన్నిటిలోనూ వెనుక నీరు తెల్లగా వెలిగిపోయి, ముఖం మాత్రం నల్లగా పడుతోందని, లెన్స్ పాడైందేమోనని గత నెలలో ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

లెన్సులో ఏ దోషమూ లేదు. కోఠిలో కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన నన్ను ఒకసారి గోడ ముందు, మరోసారి కిటికీ ముందు నిలబెట్టి ఫోటోలు తీసి, కెమెరాలో వెలుతురును కొలిచే మీటరు ఫ్రేము మొత్తాన్ని లెక్కలోకి తీసుకుంటుంది కనుక నీటి మెరుపును చూసి ఫోటోకు అందే వెలుతురు, అంటే ఎక్స్‌పోజర్ తగ్గించేస్తోందని తేల్చారు. ఒక్క చోటి వెలుతురునే కొలిచే స్పాట్ మీటరింగుతో చెంప మీద కొలత తీసుకుంటే ముఖం తేరుకుంది గానీ, నీరు పూర్తిగా తెల్లబడి బుద్ధ విగ్రహం మాయమైంది.

అసలు పనిచేసింది, ఫోటో తీసే వేళ మార్చమని ఇక్కడ ఇచ్చిన సలహా. ట్యాంక్‌బండ్ హుస్సేన్‌సాగర్‌కు తూర్పున ఉంది కాబట్టి, సాయంత్రం అక్కడ నీటిని వెనుక ఉంచుకుంటే సూర్యుడూ వెనుకే ఉంటాడు. ఇన్నేళ్లుగా ఈ ఊళ్లో ఉంటూ ఇది నాకు తట్టనే లేదు. మొన్న ఆదివారం ఉదయం 7 గంటలకు అదే చోట 85 ఎంఎం లెన్సుతో ఎఫ్/2.8 దగ్గర (అంటే లెన్సు రంధ్రాన్ని వెడల్పుగా తెరిచి) తీస్తే, కంటి కాటుకా చీర జరీ అంచూ స్పష్టంగా వచ్చాయి, నీరు బూడిద నీలంగా పడింది. సాయంత్రమే కుదిరేవారు పడమటి ఒడ్డున నెక్లెస్ రోడ్డుకు వెళ్లవచ్చు.

తొందరపడి కొన్న పోలరైజర్ (మెరుపు తగ్గించేందుకు లెన్సు ముందు బిగించే ఫిల్టర్) మాత్రం ఇందుకు అక్కరకు రాలేదు. మెరుపుతో పాటు ముఖం మీది వెలుతురునూ తగ్గించింది. ఆ పాత ఫోటోల్లో అవతలి ఒడ్డు గీత చెల్లెలి మెడ మీదుగా పోతోందని కూడా ఇక్కడ అన్నారు కదా, కెమెరాను పైకెత్తి కాస్త కిందికి వంచి తీస్తే అది తలపైకి జరిగింది.