రూతు గ్రంథం మీద జర్నల్ వ్యాసాలు ఎక్కడ వెతకాలి?

ప్రశ్న (చిత్తూరు):
అందరికీ వందనాలు. నేను బీడీ (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) చదువుతున్నాను. బైబిలులోని రూతు 2వ అధ్యాయంలో పరిగె (కోత తర్వాత చేలో మిగిలిన వెన్నులు) ఏరుకోవడం, బీదల హక్కు మీద సెమినార్ పేపర్ రాయాలి. గూగుల్‌లో కొడితే అన్నీ ప్రసంగాలు, యూట్యూబ్ వీడియోలే. మా సారేమో పీర్ రివ్యూ అయిన, అంటే అచ్చుకి ముందు తోటి పండితులు పరిశీలించిన వ్యాసాలే కావాలంటున్నారు. మా కాలేజీలో ఆన్‌లైన్ డేటాబేస్ ఏదీ లేదు, సొంతంగా డబ్బు కట్టే స్తోమత నాకు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు (తిరుపతి, లైబ్రరీలో పని):
తమ్ముడూ, మాటలతో వెతకడం కాసేపు పక్కన పెట్టి, అధ్యాయం, వచనం పట్టుకుని వెతుకు. బైబిలు మీద పనిచేసేవాళ్లకి ఉన్న గొప్ప సౌకర్యం అదే. అట్లా (Atla) అనే సంస్థవారి రిలిజియన్ డేటాబేస్‌లో ఏ వ్యాసం ఏ వచనాల గురించో ముందే గుర్తించి పెట్టి ఉంటారు. స్క్రిప్చర్స్ విభాగంలోకి వెళ్లి రూతు, 2వ అధ్యాయం ఎంచుకుంటే, శీర్షికలో రూతు పేరు లేని వ్యాసాలు కూడా బయటపడతాయి. కాకపోతే అది చందా కట్టిన లైబ్రరీలకే.

నీలాంటివాళ్లకి ఇండెక్స్ థియోలాజికస్ అనే వేదాంత వ్యాసాల సూచిక ఉంది. జర్మనీలోని ట్యూబింగెన్ యూనివర్సిటీవాళ్లది, పూర్తిగా ఉచితం. అందులోనూ బైబిలు భాగంతో వెతకవచ్చు. రూతు 2 అయ్యాక లేవీయకాండము 19:9-10, ద్వితీయోపదేశకాండము 24:19 కూడా వెతుకు. పరిగె చట్టం ఉన్నది అక్కడే కదా, బీదల హక్కు మీద అసలు చర్చ ఆ వచనాల చుట్టూ దొరుకుతుంది. జెరూసలేంలోని ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయంవారి రాంబి సూచిక కూడా ఉచితమే. యూదు అధ్యయనాలకి సంబంధించిన వ్యాసాలు అందులో ఉంటాయి.

ఇంకో సంగతి. జాబితాలో వచ్చిందల్లా వ్యాసం కాదు. పేజీల సంఖ్య చూడు. 212-213 అని రెండు పేజీలే ఉంటే చాలావరకు అది పుస్తక సమీక్షే. వెతికేటప్పుడు పీర్ రివ్యూ అనే గడిలో టిక్ పెట్టినా ఇవి జల్లెడలోంచి జారిపోతాయి, ఎందుకంటే ఆ టిక్ చూసేది జర్నల్‌ని, లోపలున్న ఒక్కో రచనని కాదు.

ప్రశ్న:
థాంక్స్ అన్నా. రూతు 2 కొట్టాను, చాలానే వచ్చాయి. కానీ వివరాలే కనిపిస్తున్నాయి, తెరిచి చదవడానికి లేదు.

జవాబు:
అది సూచిక మాత్రమే తమ్ముడూ, వ్యాసం వేరేచోట ఉంటుంది. శీర్షికని కాపీ చేసి గూగుల్ స్కాలర్‌లో వెయ్యి. కుడిపక్క పీడీఎఫ్ అని ఉంటే నొక్కు, లేకపోతే కింద ఆల్ వెర్షన్స్ తెరిచి చూడు. అక్కడా లేకపోతే జర్నల్ వ్యాసాలు భద్రపరిచే జేస్టోర్ వెబ్‌సైట్ చూడు. సొంత ఈమెయిల్‌తో ఉచిత ఖాతా తెరిస్తే నెలకి 100 వ్యాసాల దాకా ఆన్‌లైన్‌లో చదువుకోవచ్చు, డౌన్‌లోడ్ మాత్రం కుదరదు. 1881 నుంచి వస్తున్న జర్నల్ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్ అందులో ఉంది. జర్నల్ ఆఫ్ హీబ్రూ స్క్రిప్చర్స్, దక్షిణాఫ్రికా నుంచి వచ్చే ఓల్డ్ టెస్టమెంట్ ఎస్సేస్ ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. బీదరికం, భూమి కోణం నీకు ముఖ్యం కాబట్టి ఆ రెండోదాన్ని వదలొద్దు.

మరొకరు (తిరుపతి):
ఎస్వీ యూనివర్సిటీలో, జర్నళ్లకి కేంద్రమే చందా కట్టే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ఉంటుంది కదా, అక్కడ చూసుకోవచ్చేమో?

జవాబు:
2025 జనవరిలో మొదలైన ఆ పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకి. ప్రైవేటు వేదాంత కళాశాలలకి వర్తించదు. అక్కడ చదివే ఫ్రెండ్ ఎవరినైనా లాగిన్ అడిగి వాడుకోవడం మాత్రం వద్దు, అతనికీ ఇబ్బందే. మీ ప్రిన్సిపాల్ దగ్గర లెటర్ రాయించుకుని యూనివర్సిటీ లైబ్రరీలో బయటివాళ్లని కూర్చోనిస్తారేమో అడుగు. అదే లెటర్‌తో బెంగళూరు యునైటెడ్ థియలాజికల్ కాలేజీ లైబ్రరీకి కూడా ప్రయత్నించవచ్చు. చిత్తూరు నుంచి పొద్దున్నే బస్సెక్కితే మధ్యాహ్నంలోపు అక్కడుంటావు. ముందు ఫోన్ చేసి, కావలసిన వ్యాసాల జాబితా రాసుకుని వెళ్లు. ఊరికే వెళ్లి "రూతు మీద ఏమున్నాయి సార్" అంటే రోజంతా అక్కడే గడిచిపోతుంది.

ప్రశ్న:
ఒకటి మరిచాను. మా దగ్గర మాథ్యూ హెన్రీ రాసిన బైబిలు వ్యాఖ్యానం ఉంది. దాన్ని వాడవచ్చా?

జవాబు:
ఆదివారం వాక్యానికి వాడుకో. ఆయన 1714లో చనిపోయారు. మీ సార్ అడిగిన పీర్ రివ్యూ లెక్కలోకి అది రాదు. ఒక కొత్త వ్యాసం పట్టుకుని దాని ఫుట్‌నోట్లు చదువు, తర్వాత గూగుల్ స్కాలర్‌లో దాని కింద సైటెడ్ బై (దాన్ని ప్రస్తావించిన రచనలు) నొక్కు. ముందు వచ్చినవి ఫుట్‌నోట్లలో, తర్వాత వచ్చినవి సైటెడ్ బైలో దొరుకుతాయి. అప్పటికీ ఏదైనా తెరుచుకోకపోతే రచయితకే మర్యాదగా ఒక ఈమెయిల్ పెట్టు, చాలామంది పంపుతారు.