ఎంజీబీ బ్రేక్ లైట్ స్విచ్ రెండేళ్లలో మూడోసారి పోయింది, ఏం చేయాలి?

పచ్చరోడ్‌స్టర్ (లెస్టర్)
అందరికీ నమస్కారం. నాది 1967 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే పైకప్పు తెరుచుకునే పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. మొన్న ఆదివారం వెనకాల ఇంకో కారులో వస్తున్న మా బావమరిది ఫోన్ చేసి, "బావా, నువ్వు బ్రేక్ వేస్తున్నావో లేదో తెలియట్లేదు, లైట్లు వెలగట్లేదు" అన్నాడు. ఇంటికొచ్చి చూస్తే పెడల్ గట్టిగా తొక్కినప్పుడే వెలుగుతున్నాయి. నలభై ఏళ్లు దాటిన బండి కాబట్టి ఇక్కడ బ్రిటన్‌లో ఏటా చేసే ఎంఓటీ (బండి ఫిట్‌నెస్) పరీక్ష అక్కర్లేదు, అంటే చూసి చెప్పే నాథుడూ లేడన్నమాట. నాలుగో స్విచ్ కొనేముందు ఇక్కడ అడుగుదామని.

స్పానర్‌బాబాయ్ (బర్మింగ్‌హామ్)
ఆగండి, అప్పుడే కొనకండి. ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఇండికేటర్లు, వైపర్లు పనిచేస్తున్నాయా? వాటికీ బ్రేక్ లైట్లకూ ఒకే ఫ్యూజ్ నుంచి ఆకుపచ్చ వైర్ల మీద కరెంటు వస్తుంది. అవి బాగుంటే ఫ్యూజ్ జోలికి వెళ్లక్కర్లేదు. ఇంజన్ బేలో బ్రేక్ పైపులు కలిసే జంక్షన్ మీద స్విచ్ ఉంటుంది. దాని రెండు వైర్లూ ఊడదీసి, ఇగ్నిషన్ ఆన్‌లోనే ఒకదానికొకటి తాకించండి. ఒకటి ఆకుపచ్చ, ఇంకోటి ఆకుపచ్చ మీద ఊదా గీత. లైట్లు వెలిగితే దొంగ స్విచ్చే. మిగతా చోట్లకు ఆ వైర్లు తగలనివ్వకండి, ఫ్యూజ్ ఎగిరిపోతుంది.

పచ్చరోడ్‌స్టర్
తాకించగానే రెండూ వెలిగాయి. ఇండికేటర్లు కూడా ఓకే. కాకపోతే ఎడమది కొంచెం మసకగా ఉంది.

గోదారిగట్టు (హ్యూస్టన్)
నాది 1991 మాజ్డా మియాటా కారు, సమస్య ఉల్టా. పార్క్ చేసి తాళం తీసినా బ్రేక్ లైట్లు ఆరలేదు, పొద్దున్నకల్లా బ్యాటరీ ఖాళీ. నా దాంట్లో స్విచ్ పెడల్ పైనే ఉంటుంది, పెడల్ వెనక్కి వచ్చినప్పుడు దాని పుల్లని నొక్కి పెడుతుంది, అప్పుడే లైట్లు ఆరతాయి. ఆ పుల్ల తగిలే చోట ఉండే చిన్న మెత్త పాతబడి పొడైపోయింది, పుల్ల కాస్తా కన్నంలోకి దూరిపోయింది. కాళ్ల దగ్గర కార్పెట్ మీద ప్లాస్టిక్ ముక్కలు దొరికితే గానీ అర్థం కాలేదు. స్విచ్ మార్చకుండానే బాగైంది.

స్పానర్‌బాబాయ్
ఎంజీబీల్లోనూ తర్వాతి వాటిలో పెడల్ దగ్గరి స్విచ్చే. 67 దాంట్లో బ్రేక్ ఫ్లూయిడ్ ఒత్తిడితో పనిచేసేది. లోపల పలచటి పొర, దాని వెనక చిన్న కాంటాక్టులు. రెండు 21 వాట్ల బల్బులంటే మూడున్నర ఆంపియర్లు. పెడల్ తొక్కి వదిలిన ప్రతిసారీ ఆ కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది. అలా కాలి కాలి నల్లబడ్డాక, ఎక్కువ ఒత్తిడి పెడితే గానీ కలవవు. స్విచ్ మీద ఆ భారం తగ్గించాలంటే రిలే పెట్టండి, అంటే చిన్న కరెంటుతో లోపలి కాయిల్‌ని నడిపి పెద్ద కరెంటుని ఆన్-ఆఫ్ చేసేది. రిలే కాయిల్‌కి 0.2 ఆంపియర్లలోపే చాలు.

కాకినాడఎలక్ట్రిక్
మా నాన్నగారు ఆటో ఎలక్ట్రీషియన్. "బల్బు మసకగా ఉంటే ముందు ఎర్త్ చూడు" అనేవారు, అంటే కరెంటు బండి బాడీలోకి తిరిగి వెళ్లే చోటు. పచ్చరోడ్‌స్టర్ అన్నా, ఎడమ లైటు బిగించిన బోల్టులు విప్పి, తుప్పు గీకి, మళ్లీ బిగించండి. రిలే కొనేటప్పుడు లోపల డయోడ్ (కరెంటుని ఒకవైపే పోనిచ్చేది) ఉన్నదే తీసుకోండి, లేకపోతే కాయిల్ ఆఫ్ అయినప్పుడు వచ్చే ఎదురు దెబ్బ మళ్లీ ఆ స్విచ్చే తింటుంది. ఇంకోటి, బ్రేకుల్లో ఏ ఫ్లూయిడ్ ఉంది?

పచ్చరోడ్‌స్టర్
పాత ఓనర్ సిలికాన్ పోయించాడట, డాట్ 5.

కాకినాడఎలక్ట్రిక్
నాకు అనుమానం వచ్చింది అందుకే. సిలికాన్ ఉన్న బండ్లలో ఈ రకం స్విచ్‌లు త్వరగా పోవడం నేను చాలాసార్లు చూశాను. అలాగని పైనుంచి మామూలు డాట్ 4 ఫ్లూయిడ్ కలిపేయకండి, రెండూ కలవవు. మార్చాలంటే లైనంతా శుభ్రం చేసి, రబ్బర్ సీళ్లు కూడా మార్చాల్సిందే. అది పెద్ద పని. ఇప్పటికి రిలే పెట్టి చూడండి.

స్పానర్‌బాబాయ్
నిజమే, ఆ సిలికాన్ సంగతి నాకు తట్టలేదు.

పచ్చరోడ్‌స్టర్
రెండు వారాల తర్వాత అప్‌డేట్. కొత్త స్విచ్, దాని పక్కనే రిలే. ఆకుపచ్చ వైరు రిలే 30 నంబరు పిన్నుకి, అదే వైరు స్విచ్ మీదుగా కాయిల్‌కి, ఊదా గీత వైరు 87కి, కాయిల్ రెండో కొస ఎర్త్‌కి. డయోడ్ ఉన్న రిలే కాబట్టి కాయిల్ పిన్నులు తారుమారు కాకుండా చూసుకున్నాను. స్విచ్ విప్పినప్పుడు కాస్త ఫ్లూయిడ్ కారింది, తర్వాత పైపుల్లో గాలి పోయేలా బ్లీడింగ్ చేశాను. ఎడమ లైటు దగ్గర మీ నాన్నగారి మాటే నిజమైంది, గీకాక రెండూ సమానంగా ఉన్నాయి. ఇప్పుడు రోజూ రాత్రి గ్యారేజ్‌లోకి రివర్స్‌లో పెడుతున్నాను, పెడల్ మెల్లగా తాకినా గోడ మీద ఎర్రగా రెండు పడాలి. పడుతున్నాయి.

గోదారిగట్టు
మరి బావమరిదికి ఫోన్ చేసి చెప్పారా?

పచ్చరోడ్‌స్టర్
చెప్పాను. "డిన్నర్ ఎప్పుడు" అంటున్నాడు.