లింకు నొక్కితే చీర బదులు బ్రౌజర్ తెరుచుకుంటోంది, ఏం చేయాలి?

అందరికీ నమస్కారం. విజయవాడ బీసెంట్ రోడ్డులో మా బాబాయికి చీరల దుకాణం ఉంది. దానికి ఆండ్రాయిడ్ యాప్ నేనే రాశాను. కొత్త మంగళగిరి చీర రాగానే దాని లింకును వాట్సాప్‌లో పాత ఖాతాదారులకు పంపుతాం. నొక్కగానే యాప్‌లో ఆ చీరే కనపడాలి. కానీ బ్రౌజర్ తెరుచుకుంటోంది. "ఏ చీరరా ఇది, ఎక్కడుంది?" అని వాళ్లు బాబాయికి ఫోను చేస్తున్నారు, ఆయన నన్ను చూస్తున్నారు.

విచిత్రమేమిటంటే, కంప్యూటర్ నుంచి నేరుగా ఎక్కించిన నా ఫోనులో చక్కగా పనిచేస్తోంది. ప్లే స్టోర్ నుంచి దించుకున్నవారికే ఈ తిప్పలు. ఆండ్రాయిడ్ 12 నుంచి సైటూ యాపూ ఒకరివేనని ధ్రువీకరణ కాని లింకులు బ్రౌజర్‌లోకే వెళతాయని చదివి, మ్యానిఫెస్టులో (యాప్ వివరాలుండే ఫైలు) ఆ ధ్రువీకరణ కోరే ఆటోవెరిఫై పెట్టాను. ఈ యాప్ మాదేనని చెప్పే అసెట్‌లింక్స్ ఫైలూ మా సైటులో ఉంచాను. అందులో నా కంప్యూటర్‌లోని కీ (యాప్‌పై డిజిటల్ సంతకం చేసేది) తాలూకు ఎస్‌హెచ్‌ఏ-256 వేలిముద్ర, అంటే ఆ కీని గుర్తుపట్టే కోడు, ఒక్కటే ఉంది. ప్లే స్టోర్ తన దగ్గరున్న కీతో యాప్‌పై మళ్లీ సంతకం చేస్తుంది కదా, తప్పు అక్కడే ఉందా? రెండు వేలిముద్రలూ ఒకే ఫైలులో పెట్టవచ్చా?

ఇంకో చిక్కు. యాప్ లేనివారు దించుకున్నాక కూడా అదే చీర దగ్గరికి చేరాలి. ఇందుకు వాడే గూగుల్ సేవ ఫైర్‌బేస్ డైనమిక్ లింక్స్ 2025 ఆగస్టు 25న ఆగిపోయింది. ఏ లింకు ద్వారా వచ్చి దించుకున్నారో యాప్‌కు చెప్పే ప్లే ఇన్‌స్టాల్ రిఫరర్‌లో చీర నంబరు పంపితే సరిపోతుందా? చేసి చూసినవారు చెప్పగలరు. ఐఫోను సంగతి తరువాత చూసుకుంటాను, ముందు శ్రావణమాసం గడవాలి.