కోర్స్ రిజర్వ్స్‌లో రీడింగ్స్ తెరుచుకోవడం లేదు (అమెరికా, ఎంఎస్)

ప్రశ్న:
ఈ వారం క్లాసుకి మూడు రీడింగ్స్, మూడూ లైబ్రరీ కోర్స్ రిజర్వ్స్‌లోనే (క్లాసు కోసం లైబ్రరీ విడిగా పెట్టే రీడింగ్స్). స్కాన్ చేసిన పీడీఎఫ్ వచ్చేసింది. జేస్టోర్ (పరిశోధన పత్రికల సైటు) వ్యాసం క్యాంపస్ వైఫైలో తెరుచుకుంటుంది, రూముకొస్తే మొదటి పేజీ చూపించి కొనుక్కోమంటోంది. మూడోది ప్రోక్వెస్ట్ (లైబ్రరీలకి ఈ-బుక్స్ ఇచ్చే సంస్థ) ఈ-బుక్, ఎప్పుడు నొక్కినా వేరేవాళ్లు వాడుతున్నారనే వస్తోంది. డిసెంబరులో ఇండియా వెళ్తున్నాను, అక్కణ్నుంచి ఇవి చదవొచ్చా?

జవాబు 1:
జేస్టోర్ సంగతి ముందు. క్యాంపస్ వైఫైలో ఉన్నప్పుడు మీ ఐపీ (ఇంటర్నెట్ కనెక్షన్ అడ్రస్) చూసి వాళ్లు లోపలికి పంపిస్తారు. రూములో ఇంటర్నెట్‌కి ఆ గుర్తింపు లేదు, అందుకే లైబ్రరీ ప్రాక్సీ (యూనివర్సిటీ లాగిన్ అడిగి, క్యాంపస్ నుంచి వచ్చినట్టే పంపే సర్వరు) మీదుగా వెళ్లాలి. కాన్వాస్‌లో (యూనివర్సిటీ కోర్సుల సైటు) కోర్సు తెరిచి, ఎడమవైపు మెనూలో రిజర్వ్స్ అని గానీ రీడింగ్ లిస్ట్ అని గానీ ఉన్నదాన్ని నొక్కి, అందులోని లింకుతోనే వెళ్లండి. గూగుల్లో వెతికి వెళ్తే ప్రాక్సీ తగలదు.

తెరిచాక అడ్రస్ బార్ చూడండి. ఈజీప్రాక్సీ అనే ప్రాక్సీ సాఫ్ట్‌వేర్ వాడే చోట జేస్టోర్ పేరుకి అటూ ఇటూ చుక్కలు పోయి అడ్డగీతలు వస్తాయి, చివర మీ యూనివర్సిటీ పేరు ఉంటుంది. చుక్కలే ఉంటే మీరు బయటే ఉన్నట్టు. సిలబస్‌లో ప్రొఫెసర్ మామూలు లింకు పెట్టి ఉంటే, లైబ్రరీ సైట్లో ఆఫ్-క్యాంపస్ యాక్సెస్ పేజీలో ఇచ్చే ప్రాక్సీ అడ్రస్‌ని దాని ముందు అతికించండి. దాని బదులు ఓపెన్‌ఏథెన్స్ అనే లాగిన్ పద్ధతి వాడే యూనివర్సిటీల్లో అడ్డగీతలు రావు, జేస్టోర్ పేజీలోనే మీ సంస్థ పేరు ఎంచుకుని లాగిన్ అవ్వాలి.

బుక్‌మార్క్ చేసుకోవాలంటే అడ్రస్ బార్‌లోది కాకుండా వ్యాసం వివరాల్లో ఉండే స్టేబుల్ యూఆర్ఎల్ (మారని లింకు) తీసుకోండి.

జవాబు 2:
ఈ-బుక్ మీ తప్పు కాదండి. లైబ్రరీ కొన్న లైసెన్సు ఒక్క యూజర్‌దో ముగ్గురిదో అయి ఉంటుంది. పుస్తకం పేజీలో అవైలబిలిటీ అన్నచోట ఆ సంగతి, ఎన్ని పేజీలు ప్రింట్ తీసుకోవచ్చో రాసి ఉంటాయి. క్లాసు ముందురోజు రాత్రి అందరూ ఒకేసారి ఎగబడతారు. పొద్దున్నే ప్రయత్నించండి. తెరుచుకోగానే విషయసూచికలో మీ అధ్యాయం పక్కనున్న డౌన్‌లోడ్ నొక్కి పీడీఎఫ్ తీసుకుని, ట్యాబ్ మూసేయండి. అధ్యాయం పీడీఎఫ్‌కి గడువు ఉండదు. పుస్తకం మొత్తం మాత్రం దించకండి: అది అడోబీ డిజిటల్ ఎడిషన్స్ అనే ఈ-బుక్ యాప్‌లో కొన్నాళ్ల అప్పుగా వస్తుంది, ఒక్క యూజర్ లైసెన్సయితే ఆ గడువు తీరేదాకా మిగతా క్లాసంతా బయటే నిలబడాలి.

అచ్చు కాపీ కూడా రిజర్వ్‌లో ఉందేమో చూడండి. సర్క్యులేషన్ డెస్క్‌లో (పుస్తకాలు ఇచ్చే కౌంటర్) కోర్సు నంబరు, కాల్ నంబరు (పుస్తకం మీది లైబ్రరీ నంబరు) చెప్తే ఇస్తారు, చాలాచోట్ల 2 గంటలపాటు ఉంచుకోవచ్చు. ఆలస్యమైతే గంటల లెక్కన ఫైన్ వేసే లైబ్రరీలున్నాయి, టైము చూసుకోండి.

జవాబు 3:
ఇండియా నుంచి కూడా ప్రాక్సీ పనిచేస్తుంది. చాలామంది ఇరుక్కునేది డుయోలో, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌తో మీరేనని రుజువు అడిగే దగ్గర. లాగిన్ కోడ్ అమెరికా నంబరుకి ఎస్ఎంఎస్‌గా వచ్చేలా పెట్టుకుంటే, అక్కడ ఆ సిమ్ పనిచేయకపోతే అంతే. బయల్దేరక ముందే డుయో మొబైల్ యాప్ పెట్టుకోండి. అందులో పాస్‌కోడ్ నొక్కితే నెట్ లేకపోయినా అంకెలు వస్తాయి. ఫోన్ మార్చే ఆలోచన ఉంటే అది కూడా ఇక్కడే తేల్చుకోండి.

డబ్బు కట్టి కొనే వీపీఎన్‌లు దీనికి పనికిరావు, వాటి ఐపీ యూనివర్సిటీది కాదు. ఇంకో సంగతి: రిజర్వ్స్ మామూలుగా సెమిస్టర్‌తోపాటే మూసేస్తారు. కావలసినవి డిసెంబరు పరీక్షల లోపే దించుకోండి. అలాగని స్క్రిప్టు పెట్టి వందల పీడీఎఫ్‌లు లాగొద్దు, పబ్లిషర్ మొత్తం యూనివర్సిటీకే తలుపు మూసేస్తాడు.

ప్రశ్న అడిగినవారు:
అడ్రస్‌లో చుక్కలే ఉన్నాయండి! ప్రాక్సీ అతికించగానే వ్యాసం వచ్చేసింది, థాంక్యూ. పుస్తకం ఇంకా బిజీయే. ఎవరికి రాయాలి?

జవాబు 2:
రిజర్వ్స్ సిబ్బందికి రాయండి, ప్రొఫెసర్‌కి కాపీ పెట్టండి. కోర్సు నంబరు, పుస్తకం పేరు, అధ్యాయం, పేజీలు, కనిపించిన ఎర్రర్ స్క్రీన్‌షాట్, క్లాసు తేదీ పెట్టండి. ఎక్కువమంది వాడే లైసెన్సు అమ్మకానికి ఉంటే కొంటారు, లేకపోతే ఆ ఒక్క అధ్యాయం స్కాన్ చేసి పెట్టే వీలుందేమో చూస్తారు. పాఠ్యపుస్తకాలైతే చాలా పబ్లిషర్లు లైబ్రరీలకి ఈ-కాపీ అసలు అమ్మరు, అప్పుడు డెస్క్‌లో ఉన్న అచ్చు కాపీయే దిక్కు.