ఊరి జవాను స్మారకం: విగ్రహమా, నీడ గడియారమా, పేరు చెక్కిన రాయా? (మారుపేర్లతో నలుగురి చర్చ)

సరిహద్దు: బ్రిటిష్ ఇండియా సైన్యంలో నాయక్ హోదాలో ఉన్న యశ్వంత్ ఘాడ్గేకి 22 ఏళ్ళు. 1944 జూలై 10న ఇటలీలోని టైబర్ నది ఎగువ లోయలో మెషిన్‌గన్ కాల్పులకి తన సెక్షన్ (చిన్న దళం) అంతా కూలిపోతే, ఒక్కడే ఎదురెళ్ళి గ్రెనేడ్‌తో ఆ గన్నుని ఆపేశాడు. మ్యాగజైన్ మార్చే వ్యవధి లేక మిగిలిన ఇద్దరినీ తుపాకీ మడమతో కొట్టాడు. తర్వాత స్నైపర్ గుళ్ళకి నేలకొరిగాడు. బ్రిటిష్ వాళ్ళ అత్యున్నత శౌర్య పతకం విక్టోరియా క్రాస్ వచ్చింది. సమాధి లేదు, ఇటలీలోని కసీనో యుద్ధ స్మారకం మీద పేరుంది. మహారాష్ట్రలోని మాణగావ్‌లో విగ్రహం ఉంది. 2023లో ఇటలీలోని మోంటోనేలో ఆయన పేరిట నీడ గడియారం పెట్టారు. మద్రాస్ సాపర్స్‌లో (సైన్యపు ఇంజనీరింగ్ దళం) చేరి పరదేశంలో పోయిన మన తెలుగువాళ్ళకీ ఊళ్ళో అలాంటిదే కట్టాలంటాను. రోజూ ఎవరో ఒకరు ఆగి చూస్తారు.

రాతిపని: ఒప్పుకోను. ముందు పేరు. ఫొటో లేకపోతే విగ్రహం ఎవరిదో ఒకరి ముఖమవుతుంది, గడియారమైతే టైము చూసుకునే వస్తువైపోతుంది. నల్ల గ్రానైట్ మీద పేరు, తండ్రి పేరు, పటాలం, తేదీ, పోయిన చోటు చాలు. వరసల మధ్య ఒత్తులకి చోటు వదలాలి, లేకపోతే కింది వరస అక్షరాల గుడుల్లో ఇరుక్కుంటాయి. అక్షరం చిన్నదైతే సున్నా లోపలి రాయి పెచ్చులూడుతుంది.

పంచాంగం: గడియారం కట్టండి గానీ మోంటోనే కొలతలు దించకండి. నీడనిచ్చే పలక వాలు ఊరి అక్షాంశమంత ఉండాలి: అక్కడ సుమారు 43 డిగ్రీలు, అన్నవరం దగ్గర 17.3. నేలబారు పలక మీద ఒంటిగంట గీత మధ్యాహ్నపు గీతకి అక్కడ పది డిగ్రీల దూరం, ఇక్కడ 4.6 మాత్రమే. ఉత్తరం దిక్సూచితో కాదు, నిట్టనిలువు కర్ర నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు గుర్తించాలి. మన దేశంలో చేతి గడియారం టైము 82.5 రేఖాంశానిది. అన్నవరం దాదాపు దాని మీదే ఉంది, కానీ హైదరాబాద్‌లో నీడ 16 నిమిషాలు వెనక ఉంటుంది. ఇది కాక నవంబరు మొదట్లో 16 నిమిషాలు ముందు, ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనక నడుస్తుంది. ఈ తేడాల పట్టిక పక్కన చెక్కకపోతే తప్పు చూపిస్తోందని జనం వదిలేస్తారు.

పాత రికార్డు: రెండింటికీ ముందు పేరు సరిచూడండి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో ఇంగ్లీషు స్పెల్లింగు చిత్రంగా ఉంటుంది, ఇంటిపేరు తరచూ ఉండదు. పేరుతో దొరక్కపోతే పటాలం, తేదీ, సర్వీసు నంబరుతో వెతకండి. జిల్లా పాతదే రాసి ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా 1950లో వచ్చింది, కాబట్టి అక్కడివాళ్ళని విజగపటం (విశాఖపట్నం పాత పేరు) కింద చూడాలండీ.

సరిహద్దు: రాతిపని అన్నా, గడియారం దిమ్మెకే పేరు పలక అమర్చితే?

రాతిపని: సరే, అయితే తూర్పు ముఖాన పెట్టండి. పైపలక ఇనుముది వద్దు, కంచుది పోయించండి. ఇనుము తుప్పు వానకి కారి గీతల్లోనూ పేరు మీదా ఎర్రగా దిగుతుంది.