‘కమాండర్ ఇన్ చీఫ్’ ఆగిపోయింది ఆడ ప్రెసిడెంట్ వల్లా, చానెల్ వల్లా?

రాత్రి_సీరియల్:
అమెరికాలో ఏబీసీ చానెల్ 2005 సెప్టెంబరులో మొదలుపెట్టి, 2006 జూన్‌కల్లా ముగించేసిన సీరియల్ ఇది. మొత్తం 18 ఎపిసోడ్లే. జీనా డేవిస్ ఇందులో మెకెంజీ అలెన్ అనే ఉపాధ్యక్షురాలు. ప్రెసిడెంట్ చనిపోతే ఆ కుర్చీలోకి వస్తుంది. “ఆడమనిషి దేశాన్ని ఏలడం అక్కడి జనానికి ఎక్కలేదు, అందుకే పోయింది” అంటారు మా ఆయన. నేను ఒప్పుకోను. మీరేమంటారు?

మంగళవారం_తొమ్మిది:
మీరే కరెక్టండీ. మొదటి ఎపిసోడ్ దాదాపు 1.6 కోట్ల మంది చూశారు. ఆడ ప్రెసిడెంట్ కథ అని తెలిసే కదా టీవీ ముందు కూర్చున్నారు! 2006 జనవరిలో జీనా డేవిస్‌కి గోల్డెన్ గ్లోబ్ కూడా వచ్చింది. చానెల్ ఏం చేసింది? సీరియల్‌ని సృష్టించి నడిపిస్తున్న రాడ్ లూరీని, ఎపిసోడ్లు టైముకి అందట్లేదని, మొదలైన కొన్ని వారాలకే తప్పించి స్టీవెన్ బోచ్కోని తెచ్చింది. ఆయనా మధ్యలోనే వెళ్లిపోతే డీ జాన్సన్ వచ్చింది. ఒక్క సీజన్‌కి ముగ్గురు! జనవరి తర్వాత ఏప్రిల్ దాకా అసలు వేయలేదు. వేసినప్పుడేమో మంగళవారం తీసేసి గురువారం రాత్రి పదింటికి మార్చేశారు. సీరియల్ అంటే అలవాటు. పాలాయన నెలల తరబడి రాకపోతే మనం ఇంకొకరి దగ్గర పోయించుకోమా?

కథ_ముఖ్యం:
చానెల్ తప్పు లేదనను. కానీ నన్ను దూరం చేసింది కథే. మొదటి ఎపిసోడ్‌లో చావుబతుకుల్లో ఉన్న ప్రెసిడెంటే ఆమెను రాజీనామా చెయ్యమంటాడు, ఆమె తప్పుకుంటే తర్వాత వరసలో ఉన్న స్పీకర్ టెంపుల్టన్‌కి కుర్చీ దక్కాలని. ఆమె సిద్ధపడుతుంది కూడా. టెంపుల్టన్‌గా డొనాల్డ్ సదర్లాండ్ ఎంత మెత్తగా మాట్లాడతాడో! నైజీరియాలో రాళ్లతో కొట్టి చంపే శిక్ష పడిన ఒక స్త్రీ గురించి అతను చులకనగా మాట్లాడేసరికి ఈమె మనసు మారిపోతుంది. రాజీనామా లేదు, ప్రమాణం చేస్తానంటుంది. ఆ సీన్ ఎప్పుడు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది. తర్వాత? భర్త ప్రథమ మహిళ ఆఫీసులో కూర్చుని నలిగిపోవడం, పిల్లల గొడవలు. మగ ప్రెసిడెంట్ కథైతే ఇంతసేపు ఇంట్లో తిప్పేవారా?

ఇంకోటి. ఆమెను ఓట్లతో గెలిపించే ధైర్యం రాసినవాళ్లకి లేకపోయింది. సరిగ్గా ఆ 2005 నవంబరులోనే లైబీరియాలో ఎలెన్ జాన్సన్ సర్లీఫ్ అధ్యక్షురాలిగా ఓట్లతోనే గెలిచింది, జర్మనీలో ఏంజెలా మెర్కెల్ చాన్సలర్ అయింది.

మెదక్_మనవరాలు:
మా నానమ్మది మెదక్ దగ్గర పల్లె. 1980లో ఇందిరాగాంధీ రాయ్‌బరేలీ, మెదక్ రెండుచోట్లా గెలిచి మెదక్ ఉంచుకుంది. నానమ్మ ఆమెను ఒక్కసారి కూడా ‘ఆడ ప్రధాని’ అనలేదు. ‘ఇందిరమ్మ’, అంతే. తిట్టినా పొగిడినా బియ్యం ధర గురించే. సీరియల్‌లో ఆ బియ్యం ధర లేదు.

మంగళవారం_తొమ్మిది:
ఇందిరమ్మ నెహ్రూ కూతురు కదండీ. శ్రీలంకలో ప్రధాని అయిన సిరిమావో బండారనాయకే కూడా భర్త హత్య తర్వాతే రాజకీయాల్లోకి వచ్చింది. మెకెంజీ ఒకరి కూతురుగానో భార్యగానో రాలేదు, ఏ పార్టీ మనిషీ కాదు. ఎలా పోలుస్తాం?

మెదక్_మనవరాలు:
మొదట రావడానికి నాన్న పేరు పనికొచ్చిందనే అనుకుందాం. 1977లో ఓడించిన జనమే 1980లో మళ్లీ తెచ్చుకున్నారు, అది కూడా నాన్న పేరేనా? మెకెంజీకి ఆ ఓడే అవకాశం కూడా ఇవ్వలేదు. ఒక్క ఎన్నికలో నిలబెట్టి ఉంటే నేను చివరిదాకా వదలకుండా చూసేదాన్ని.

రాత్రి_సీరియల్:
ఇవన్నీ మా ఆయనకి చదివి వినిపించాను. 1.6 కోట్ల దగ్గర ఆపి, “మరి వాళ్లంతా ఎటు పోయారు?” అన్నారు. గురువారం రాత్రి పదింటి సంగతి చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. ఆయన ఆ సీరియల్ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదని అప్పుడు తెలిసింది! ఆదివారం మొదటి ఎపిసోడ్ కలిసి చూస్తున్నాం. టెంపుల్టన్ సీన్ దగ్గర ఏమంటారో ఇక్కడే రాస్తాను.