మ్యాట్ మీద స్పిన్ వస్తే మా అండర్-16 బ్యాటింగ్ కుప్పకూలుతోంది

గుంటూరు దగ్గర ఒక అండర్-16 జట్టుకు కెప్టెన్‌ని. మావి 40 ఓవర్ల మ్యాచ్‌లు, ఎర్ర బంతి, కొబ్బరి పీచు మ్యాట్ పరిచిన పిచ్. ఈ సీజన్ లీగ్ దశలోనే ఇంటికొచ్చేశాం. బౌలర్లను అనడానికేం లేదు. స్కోర్‌బుక్ తిరగేస్తే ఓడిన మ్యాచ్‌లన్నీ ఒకటే కథ: 10వ ఓవర్‌కి 50 దాకా కొడతాం, మహా అయితే ఒక వికెట్ పోతుంది. 15వ ఓవర్ దగ్గర ఎడమచేతి స్పిన్నర్ వస్తాడు. 25వ ఓవర్ లోపు ఐదారుగురు పెవిలియన్‌కి (అంటే వేపచెట్టు కిందకి లెండి).

కుడిచేతి వాళ్లు ముందుకాలు చాచి అక్కడే ఆగిపోతారు. బంతి పడి, బయటికి తిరిగి, గ్లవ్స్ ఎత్తుకి లేస్తుంది. స్లిప్‌లోనో, బ్యాటర్‌కి బాగా దగ్గరగా నిలబడే సిల్లీ పాయింట్‌లోనో క్యాచ్. మ్యాట్ బాగా బిగించి మేకులు కొట్టిన గ్రౌండ్లలో ఇది మరీ ఎక్కువ. వదులుగా ఉన్నచోట బంతి ఆగి వస్తుంది, అప్పుడు మిడాఫ్ చేతికి లేపేస్తారు.

స్వీప్ (మోకాలు వంచి బ్యాట్ అడ్డంగా తిప్పే షాట్) ప్రాక్టీస్ చేయించాం. ఆ బౌన్స్‌కి బ్యాట్ పై అంచుకి తగిలి గాల్లోకి లేచే టాప్ ఎడ్జ్‌లే. బ్యాటింగ్ ఆర్డర్ కూడా మార్చాం. ఎడమచేతి కుర్రాణ్ని నాలుగో స్థానంలో దింపితే కాస్త నయం, కానీ అలాంటివాడు ఒక్కడే. మా నెట్స్ సిమెంట్ మీద, అక్కడ బంతి లేస్తుంది గానీ తిరగదు. కోచ్ ఆదివారాలే వస్తారు.

సిమెంట్ నెట్స్ మాత్రమే ఉన్న జట్టుకి, తిరిగి లేచే బంతిని వెనక్కి వెళ్లి ఆడటం అలవాటు చేయడానికి మీ దగ్గర పనిచేసిన డ్రిల్ ఏది?